ధారావాహికలును ఉత్తరకథలును

కథ వినుట మనుష్యునకు సహజమైన కోరిక. విన్న కథ ముగిసినతోడనే "తరువాత నేమయ్యెను?" అని యడుగుటయు నంత సహజమే. శిశువు తల్లి నడుగు నీ ప్రశ్నయే నేడు టెలివిజన్ ధారావాహికలకును, చలనచిత్రముల రెండవ మూడవ భాగములకును, ఒక్క పేరుమీద నేండ్లతరబడి సాగు కథాపరంపరలకును మూలధనమై యున్నది. ఆ ప్రశ్నను గౌరవించి సమాధానము చెప్పు కథకుడు వేఱు. అది యెన్నటికిని దీరకుండునట్లు చేసి దానిపై వడ్డీ తినువాడు వేఱు. ఈ యిరువురకును గల భేదమును జదువరుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నొకమాట చెప్పవలసియున్నది. నేను ధారావాహికలకు బ్రతిపక్షిని గాను. వానిని జూచువారిలో నొకరిని. చూచి యానందించువారిలో నొకరిని. చదువుకొన్న పురుషులలో గొందఱు వీనిని ఆడువారి కాలక్షేపమని యెగతాళి చేయుచుందురు. ఆ యెగతాళి చేయువారే తమ యభిమాననటుని చిత్రమునకు రెండవభాగము వచ్చినపుడు తొలియాటకు టిక్కెట్టు దొరకలేదని దుఃఖింతురు. కోడలి కన్నీరు చూచుట యవివేకమును, కథానాయకుని ఖడ్గము చూచుట వివేకమును ఎట్లగునో వారే చెప్పవలెను. లక్షలాది గృహములలో దినదినమును సాయంకాలము దీపము పెట్టిన తరువాత భోజనముతోపాటు లోనికి వచ్చు కథను విమర్శింపక విడుచుటయే దోషము. కావ్యమునకు మనము వేయు ప్రశ్నలను దీనికిని వేయుట దీనిని గౌరవించుటయే యగును. ఆ ప్రశ్నలలో నొక్కదానిని మాత్రమే యిచట దీసికొనుచున్నాను: కథను ముగించు నధికార మెవ్వరిది?

ఈ విషయమును విచారించుటకు మా రామతీర్థముకంటె దగిన తావు వేఱొకటి లేదని నాకు దోచుచున్నది. విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలములోని యీ గ్రామమునకు శ్రీరామాలయమే ప్రసిద్ధి. కాని గ్రామమును జుట్టుకొని యున్న కొండలు మఱికొన్ని సంగతులు చెప్పుచున్నవి. గురుభక్తులకొండమీద బౌద్ధవిహారముల శిథిలములును, బోధికొండమీద జైనతీర్థంకరుల విగ్రహములును గలవు. ఈ మూడు మతములవారును రామకథను జెప్పినవారే. బౌద్ధుల దశరథజాతకములో సీత రామునకు జెల్లెలు. రావణుడును లంకయు నందు లేవు. జైనుడగు విమలసూరి ప్రాకృతమున రచించిన పఉమచరియములో రావణుని జంపినవాడు లక్ష్మణుడు. రాముడు తుదకు దీక్షవహించి మోక్షము నొందును. వాల్మీకి చెప్పినది మన మెఱిగినదే. ఈ మూడును ఒక కథకు మూడు భాగములు కావు. ఒకే కథను మువ్వురు మూడు దృష్టులతో జూచి, మొదటినుండి తుదివఱకు జెప్పిన మూడు సంపూర్ణ కథనములు. కథను మరల జెప్పుట మన దేశమున దోషముగా నెన్నడు నెంచబడలేదు. చెప్పినవాడు దానిని ముగింపవలెనన్నదే నియమము.

మన యాంధ్రకవులును ఈ మర్యాదనే పాటించిరి. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున భారతమును బ్రారంభించి, అరణ్యపర్వము నడుమ విడిచెను. పదుమూడవ శతాబ్దమున దిక్కన విరాటపర్వము మొదలుకొని తుదివఱకు రచించెను. పదునాలుగవ శతాబ్దమున నెఱ్ఱన యా నడిమి కొఱతను బూరించెను. పూరించియు దన పేరును బైకి దెచ్చుకొనక, నన్నయ చెప్పినట్లే రాజరాజనరేంద్రునకు గథను వినిపించెను. రంగనాథరామాయణము యుద్ధకాండముతో నిలిచియుండగా గోనబుద్ధారెడ్డి కుమారులు కాచవిభుడును విఠ్ఠలనాథుడును ఉత్తరకాండమును రచించి తండ్రి కృషిని బూర్తిచేసిరి. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణమున శ్రీరామ నిర్యాణమును జెప్పక విడువగా, తరువాత జయంతి రామభట్టు ఆ భాగమును జేర్చెను. చేతులు మాఱినవి, తరములు మాఱినవి. అయినను పూర్వుడు మిగిల్చిన ఋణమును దీర్చుటయే తరువాతివాని సంకల్పమై యుండెను.

ఈ మర్యాద పండితులకు మాత్రమే చెందినది కాదు. మన యుత్తరాంధ్ర ప్రాంతమున జముకులకథ చెప్పువారును, తూర్పుభాగవతము లాడువారును, హరిదాసులును రాత్రిని దెల్లవార్లు కథతో నిలిపినవారే. హరికథాపితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) విజయనగరమున నుండియే యా కళకు మహోన్నతస్థితిని గలిగించెను. హరిదాసు కథను బిట్టకథలతో బెంచును. శ్రోతలను నవ్వించును, ఏడ్పించును. నిద్రకు దూగువారిని మేల్కొల్పుటకు లోకాభిరామాయణము నడుమ జొప్పించును. ఎంత పెంచినను మంగళము పాడక వేదిక దిగడు. ఆ మంగళము శ్రోతతో గథకుడు చేసికొన్న యొడంబడిక. "నీ రాత్రిని నాకిచ్చితివి, నీకు నేను సంపూర్ణమైన కథ నిచ్చితిని" అని దాని యర్థము.

అట్లయిన ఉత్తరకథ యెప్పుడు న్యాయమగును? దీనికి నుత్తరకాండమే ప్రథమోదాహరణము. యుద్ధము ముగిసి పట్టాభిషేకమైన పిమ్మట రామకథ సుఖాంతమైనది. ఉత్తరకాండము తరువాతికాలమున జేరినదని పండితులలో ననేకు లభిప్రాయపడుచున్నారు. అయినను బ్రజలు దానిని విడువలేదు. ఏలయన, పట్టాభిషేకముచేత దీరని ప్రశ్న యొకటి మిగిలియుండెను. అగ్నిలో బ్రవేశించి తన నిర్దోషిత్వమును జూపిన స్త్రీని లోకము నమ్మినదా? నమ్మనిచో దోష మెవ్వరిది? ఉత్తరకాండము ఈ ప్రశ్నను వెలికి దెచ్చినది. కనుకనే 1934లో సి. పుల్లయ్య లవకుశను చలనచిత్రముగా దీసినపుడును, 1963లో సి. పుల్లయ్యయు సి.ఎస్. రావును మరల రంగులలో దీసినపుడును, 2011లో బాపు శ్రీరామరాజ్యమను పేర దీసినపుడును ఆ కథకు వినువారు కఱవు కాలేదు.

టెలివిజన్ చరిత్రలోను దీనికి సాక్ష్యమున్నది. రామానందసాగరు నిర్మించిన హిందీ రామాయణము 1987 జనవరి 25న దూరదర్శన్‌లో బ్రారంభమైనది. 52 భాగములుగా సంకల్పింపబడి, 78 భాగములకు బెరిగి, 1988 జూలై 31న ముగిసినది. ముగియు తరుణమున, వాల్మీకిని దమ గురువుగా గొలుచు పారిశుద్ధ్య కార్మికులు జాలంధర్ మొదలగు నుత్తరాది పట్టణములలో సమ్మె కట్టి, సీతకు వాల్మీకి యాశ్రయమిచ్చిన కథనుగూడ జూపవలెనని కోరిరి. తరువాత 1988-89లో లవకుశుల కథ ప్రసారమైనది. ఆ కార్మికులు వినోదము చాలలేదని యడుగలేదు. తాము దమవానిగా గొలుచు ఋషి యా కావ్యమునకు గర్తయు, దిక్కులేని రాణికి దిక్కును అయియుండగా, ఆ ఘట్టమును విడిచి కథ ముగిసినదనుట యన్యాయమని యడిగిరి. వీధులూడ్చువారు చేసిన యీ సాహిత్యవిమర్శను మన సాహిత్యచరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదు. ఉత్తరకథను గోరుటకు ఇంతకంటె గౌరవమైన కారణమును నేనెఱుగను.

ఇక నా యుత్తరకాండముయొక్క తుదిని జూడుడు. నిండుసభలో మరల శపథము చేయుమని యడుగగా, సీత తన సత్యమే ప్రమాణముగా భూదేవిని దావిమ్మని ప్రార్థించి భూమిలో బ్రవేశించును. ఇంకొక పరీక్షకు దావు లేకుండ జేయును. రాజు గాని, సభ గాని, ఋషి గాని ఆ పరీక్షలకు ముగింపు చెప్పలేదు. పరీక్షింపబడిన స్త్రీయే చెప్పినది. ఆ ముగింపు దుఃఖకరమైనదే. దానికి వెలగా నామె బ్రతుకునే యిచ్చుకొనవలసివచ్చుట సంఘమునకు సిగ్గుచేటే. అయినను "ఇక చాలును" అను మాట చెప్పు నధికారమును గవి యామె కిచ్చెను. నేటి ధారావాహికలు ఈ యధికారమును దమ నాయికల కిచ్చుచున్నవా యని విచారింతము.

విచారణకు మిక్కిలి ప్రజాదరము పొందినదానినే తీసికొనుట న్యాయము. అల్పమైనదానిని దెచ్చి నిందించుట సులభము గదా. స్టార్ మా చానెలులో 2017 అక్టోబరు 16న బ్రారంభమైన కార్తీకదీపము 1569 భాగములు నడచి 2023 జనవరి 23న ముగిసినది. మలయాళమున ఏషియానెట్ ప్రసారము చేసిన కరుత్తముత్తు దీనికి మూలము. ఆ పేరునకు నల్లముత్యమని యర్థము.

ఈ కథకు బీజము సంస్కారవంతమైనది. దీప నల్లని పిల్ల. రంగును లెక్కింపక యామెను వరించినవాడు వైద్యుడగు కార్తీక్. రంగునుబట్టి కోడలిని దూలనాడునది యతని తల్లి సౌందర్య. వివాహప్రకటనలలో దెల్లని పిల్ల కావలెనని నేటికిని వ్రాసికొను సంఘములో నింతకంటె నవసరమైన వస్తువు లేదు. భర్తచే ననుమానింపబడి దూరమైన దీప పరుల దయకు జేయిచాపక, వంటచేసి తనను దన బిడ్డను బోషించుకొనుట మఱియు మెచ్చదగినది. జనులామెను దీప యనుట మాని వంటలక్క యని పిలువసాగుట యూరక జరుగలేదు. కష్టపడి బ్రతుకు స్త్రీని దమ యింటి యాడుబడుచుగా నంగీకరించుటకు అది గుర్తు. అత్త పాత్ర క్రమముగా మాఱి, కోడలి పక్షము వహించి కొడుకుతో బోరాడుటయు మెచ్చదగినదే. అత్తయనగా గయ్యాళియే యను పాత మూస యిచట బగిలినది.

ఒక లోపము మాత్రము మొదటనే యున్నది. నల్లని పిల్లయొక్క గౌరవమును జాటుటకు బూనినవారు నల్లని నటికి వేష మియ్యలేదు. నటి ప్రేమీ విశ్వనాథ్‌కు నల్లరంగు పూసి దీపగా జూపిరి. ఆమె నటన శ్లాఘ్యమైనదే. కాని నల్లపిల్ల కథలోనైనను నల్లపిల్లకు దావు దొరకకపోవుట ఆ కథయే ఖండింపవలసిన యాచారము.

అంతకంటె బెద్దలోపము కాలమునకు సంబంధించినది. బిడ్డలు తనవారు కారను భ్రమయే భర్త యనుమానమునకు మూలము. అతడు వైద్యుడు. ఒక్క పరీక్షతో దీరు సంశయమును వైద్యుడై యుండియు సంవత్సరముల తరబడి తీర్చుకొనడయ్యెను. డి.ఎన్.ఏ. పరీక్ష చేయింపరాదా యని చూచువారు నవ్వుకొనిరి. ఆ నవ్వును మనము తేలికగా దీసికొనరాదు. పరీక్ష జరుగకపోవుటకు గారణము పాత్రయొక్క యవివేకము కాదు. జరిగినచో గథ ముగియును గనుక జరుగలేదు. దీప నిర్దోషియని చూచువా రెల్లరు నెఱుగుదురు, ఇంటివా రెఱుగుదురు. భర్త యొక్కడే యెఱుగడు, ఎఱుగనీయరు. కావ్యమున నాయికకు న్యాయము ఆలస్యమైనచో నది విధివలననో, మనుష్యుల దుర్గుణములవలననో యగును. ఇచట నా యాలస్యము కథను అమ్మువారి యవసరమువలన గలుగుచున్నది. నిర్దోషియైన స్త్రీ యెంతకాలము నిందను మోయునో యంతకాలము లాభము. ఆమె మోత దిగిననాడు వ్యాపారము దిగును.

ఆ యవసర మెట్టిదో గృహస్థులు తెలిసికొనుట మంచిది. మన దేశమున టెలివిజన్ కార్యక్రమములలో గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలుండరాదని నియమము. అందు 10 నిమిషములు వాణిజ్యప్రకటనలకును, 2 నిమిషములు చానెలు తన కార్యక్రమములను జెప్పుకొనుటకును గేటాయింపబడినవి. ఆ నిమిషముల వెల ధారావాహికను జూచువారి సంఖ్యనుబట్టి హెచ్చుచు దగ్గుచు నుండును. ఎంపికచేసిన కొన్ని యిండ్లలో యంత్రము లమర్చి, ఎవ్వ రేమి చూచుచున్నారో లెక్కించి, దానినుండి టి.ఆర్.పి. యను నంకెను గట్టుదురు. పేరుపడిన ధారావాహికను ముగించుట వ్యాపారికి గాచుచున్న చెట్టును నఱకుటవంటిది. క్రొత్తగా నాటినది కాచునో కాయదో యెవ్వ రెఱుగుదురు? కనుక ముగింపు రావలసినచోట నొక క్రొత్త శత్రువు వచ్చును; లేదా యొక కవల, ఒక మఱపురోగము, ఒక కారు ప్రమాదము వచ్చును.

ఇది మన దేశమున బుట్టిన వింత కాదు. అమెరికాలో గైడింగ్ లైట్ అను ధారావాహిక 1937లో రేడియోలో బ్రారంభమై, 1952లో టెలివిజనున కెక్కి, 2009 వఱకు, అనగా 72 సంవత్సరములు నడచినది. గృహిణులకొఱకు బగటివేళ బ్రసారమగు నిట్టి కథలకు సబ్బులు చేయు కంపెనీలు ధన మిచ్చుటచేత వానికి సోప్ ఆపెరా యను పేరు కలిగినది. కథాజాతికి గవి పేరు గాక సబ్బు పేరు నిలుచుటలోనే దాని జాతకము వ్రాయబడియున్నది.

కార్తీకదీపమునకు 2022లో బట్టిన గతి మఱియు విచారింపదగినది. నాయికానాయకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, బిడ్డలను బెద్దవారినిజేసి కథను ముందునకు నడపిరి. ఆ సంవత్సరమే మరణించిన యిరువురను మరల సజీవులను జేసి తెచ్చిరి. ఇంగ్లండులో ఆర్థర్ కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ను 1893లో జంపి, చదువరుల యొత్తిడికి లోబడి 1903లో దిరిగి రప్పించిన సంగతి మనవారు చాలమంది యెఱిగినదే. అపరాధపరిశోధకుడు చచ్చి బ్రతికినచో నష్టము లేదు. ఆ కథలలో ముఖ్యము చిక్కుముడి. కుటుంబకథ యట్టిది కాదు. దానిని జూచువారు పాత్రల దుఃఖమును దమ దుఃఖముగా భావింతురు. ఇంటిలో నొకరిని బోగొట్టుకొన్నవారు తెఱమీది మరణమును జూచి కార్చిన కన్నీటిని, తరువాత నది యుత్తుత్తదని కొట్టివేయుట మర్యాద కాదు.

దీనికి విరుద్ధమైన యుదాహరణము స్పెయిన్ దేశమున గలదు. సెర్వాంటిస్ 1605లో డాన్ క్విక్సోట్ మొదటిభాగమును బ్రకటించెను. దానికి గలిగిన యాదరమును జూచి, అవెల్లనేడా యను మాఱుపేరుతో నెవ్వరో 1614లో దొంగయుత్తరకథను బ్రకటించిరి. సెర్వాంటిస్ 1615లో దన రెండవభాగమును వెలువరించి, దాని తుదిని నాయకుని మరణమును జెప్పి, ఇతరుల చేతికి దన పాత్ర మరల జిక్కకుండ జేసెను. ఆ రెండవభాగము మొదటిదానికంటె లోతైనదని యనేకుల మతము. నాయకుని భ్రమను జూచి మొదటిభాగమున నవ్వినవారు, రెండవభాగమున నా భ్రమ తొలగుట జూచి విచారింతురు. మొదటిభాగము నవ్వులో దాచిన దుఃఖమను ఋణమును రెండవది తీర్చినది. ముగింపును బ్రేమించుటయు రచయితకు దన పాత్రపై గల ప్రేమయే యని యిందువలన దెలియుచున్నది.

మన చలనచిత్రములలోను ఈ భేదమును గుర్తింపవచ్చును. బాహుబలి మొదటిభాగము 2015లో నొక ప్రశ్నతో నిలిచినది. 2017లో వచ్చిన రెండవభాగము దానికి సమాధానము చెప్పి కథను ముగించినది. ఆ రెండును ఒకే కథయగుటచేతనే 2025లో వానిని గలిపి యొకే చిత్రముగా బ్రదర్శింప వీలైనది. దీనిని ఉత్తరకథయనుటకంటె నడుమ విరామమిచ్చిన కథ యనుట యొప్పును. 2024 మార్చిలో స్టార్ మా ప్రారంభించిన కార్తీకదీపము రెండవదాని పద్ధతి వేఱు. ఇందు దీపయు కార్తీక్‌ను నున్నారు. ఆ పాత్రలను ధరించువారును బూర్వపు నటులే. కాని కథ పూర్వకథకు గొనసాగింపు కాదు. పేరును ముఖములును వచ్చినవి. వారి బ్రతుకు మాత్రము రాలేదు. ఐదేండ్లకు పైగా తాము కన్నీటితో నెఱిగిన దీప యీమెయా కాదా యని చూచువారు తికమకపడుట సహజము. ప్రజలకు గలిగిన యభిమానమును వ్యాపారముద్రగా వాడుకొనుట యనిన నిదియే.

అయిన దీర్ఘకథ యెల్లయు దోషమేనా? కాదు. దీర్ఘకథకు మాత్రమే సాధ్యమగు సుఖమొకటి కలదు. పాత్రలు మనతోపాటు పెద్దవారగుదురు. మంజులానాయుడు దర్శకత్వమున జెమినీ చానెలులో 2003 మొదలుకొని 2008 వఱకు నడచిన చక్రవాకమును, దాని వెంటనే వచ్చి 2013 వఱకు నడచిన మొగలిరేకులును జూచిన కుటుంబములలో నా పాత్రల పేర్లు బంధువుల పేర్లవలె మెలగినవి. ఇల్లు కదలలేని వృద్ధులకును, పగలెల్ల పనిచేసి సాయంకాలము కొంచెము కూర్చుండు గృహిణులకును ఈ పరిచయము తక్కువ మేలు కాదు. దానిని హేళనచేయువా రా వృద్ధులచెంత నొక గంటయైన గూర్చుండి మాటలాడుచున్నారా యని యడుగవలసియున్నది.

దీర్ఘముగా నడచియు శ్రోతను మోసగింపని పద్ధతియు మనవారి కున్నది. గుణ్ణం గంగరాజు నిర్మించిన అమృతము 2001 మొదలుకొని 2007 వఱకు 313 భాగములు ప్రసారమైనది. అమృతరావును ఆంజనేయులును హోటలు నడుపుకొనుచు బడు పాట్లే దాని వస్తువు. ప్రతి వారమును నొక చిక్కు పుట్టును. ఆ వారమే యది తీరును. ప్రధానపాత్రను ధరించు నటులు మాఱినను బ్రజ లలుగకపోవుటకు గారణ మిదియే. ప్రతిదినమును మంగళము పాడి వేదిక దిగు హరిదాసు పద్ధతి యది. కాని 2020లో అమృతము ద్వితీయము వచ్చునప్పటికి, ఆంజనేయులు పాత్రకు బ్రాణము పోసిన గుండు హనుమంతరావు 2018లోనే మరణించియుండెను. మంచి పద్ధతి యొకటి యున్నను గడచిన కాలమును మరల దెచ్చుట సాధ్యము కాదని చూచినవారికి దోచియుండును.

మా విజయనగరముననే గురజాడ అప్పారావు కన్యాశుల్కమును రచించెను. 1892లో బ్రదర్శింపబడి 1897లో బ్రకటింపబడిన యా నాటకమునకు గలిగిన ప్రఖ్యాతిని జూచి, గిరీశము మఱియొక యూరికి బోయెననియు, మధురవాణి వేఱొక పట్టణమున గాపురముండెననియు రెండవనాటకము వ్రాయవచ్చును. అట్టి పని యాతడు చేయలేదు. మొదటి రచన తనకు దృప్తి నీయకపోగా దానినే మరల బెంచి, తీర్చి, 1909లో గ్రొత్త గ్రంథమువలె బ్రకటించెను. పాత్రలపై మిగిలిన ప్రేమను బ్రక్కనున్న క్రొత్త కథలో వెచ్చింపక, ఉన్న కథను లోతుచేయుటలో వెచ్చించెను. నేటికిని మధురవాణి తరువాత నేమయ్యెనని మనము చర్చించుకొనుచున్నాము. ఆ చర్చ మనది. ఆ యవకాశమును మనకు విడిచిపెట్టుటయే గురజాడ యిచ్చిన యుత్తరకథ.

కనుక ఉత్తరకథను గాని, దీర్ఘకథను గాని పరీక్షించుటకు రెండు ప్రశ్నలు చాలును. పూర్వకథ తీర్పక విడిచిన ఋణ మేదైన నిందు దీరుచున్నదా? తీరిన పిమ్మట గథకుడు మంగళము పాడుచున్నాడా? ఈ రెండింటికిని అవునని యుత్తరము వచ్చినచో నది వేయిభాగము లైనను జూడదగినదే. రాదేని, పది భాగములైనను మన కాలమును దోచుకొనునదే.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన సంగతి యని యెవ్వరైన ననవచ్చును. మన యిండ్లలోని బాలికలు ప్రతిసాయంకాలమును మనతో గూర్చుండి యీ కథలను జూచుచున్నారు. నిర్దోషియైన స్త్రీ నోరు మెదపక నిందను మోయుటయు, ఆమె మోసినంతకాలము నామెను మెచ్చుకొనుటయు, నేడు గాకున్న ఱేపు భర్త తెలిసికొనునని వేచియుండుటయు వేయిసారులు చూచిన బాలికకు, తనకే యట్టి దినము వచ్చినపుడు "ఇక చాలును" అను మాట నోట వచ్చునా? కథలో న్యాయము వాయిదాపడుట కలవాటుపడిన కన్ను సంసారములో న్యాయము వాయిదాపడుటనుగూడ సహజముగా జూచును. భార్యను అనుమానించువాడు, పరీక్షకు నిరాకరించువాడు, అట్లుండియు మంచివాడే యని కథ వేయిదినములు చెప్పినచో, దానిని విన్న బాలుడు మాత్ర మేమి నేర్చికొనును?

దీనికి ధారావాహికల నిషేధము మందు కాదు; టెలివిజనును వీధిలో బాఱవేయుటయు మందు కాదు. అంకెలను బుట్టించువారము మనమే గనుక, తీర్పు చెప్పు శక్తియు మనయందే యున్నది. కథ ఋణము తీర్చిననాడు దానిని మెచ్చుకొని లేచిపోవుట నేర్చికొందము. నాయికకు అన్యాయము జరిగిన సాయంకాలము యంత్రము నార్పిన తరువాత, "ఆమె యిపుడేమి చెప్పియుండవలెను?" అని మన కొమార్తెలను, కుమారులను అడుగుదము. వారు చెప్పు సమాధానములను శ్రద్ధగా విందము. ఆ యుత్తరకథను వ్రాయుటకు బ్రకటనదారుని యనుమతి యక్కఱలేదు. ఆ సమాధానములను జానెళ్లకును రచయితలకును వ్రాసి తెలుపుదము. ఉత్తరాదిని వీధులూడ్చువారు తమకు రావలసిన కథ నడిగి తెచ్చుకొనగా, చదువుకొన్న మనము మన నాయికలకు రావలసిన ముగింపు నడుగలేమా?